టెక్ సందేహాలు: గ్రూపులో వచ్చిన పాఠం మళ్లీ దొరకాలంటే?

బడులు తెరిచినప్పటి నుంచి ఈ శీర్షికకు టీచర్ల ప్రశ్నలే ఎక్కువగా వస్తున్నాయి. ఈసారి ఉమ్మడి నల్గొండ, పాలమూరు జిల్లాల నుంచి వచ్చినవాటిని ఒక్కచోట చేర్చాను. అన్నీ వరసగా చదివితే ఒకటి తెలిసొచ్చింది. పాఠం చెప్పడానికి సరుకు లేదని ఎవరూ అనడం లేదు. ఉన్న సరుకు ఆ పీరియడ్‌కు చేతికి అందడం లేదంటున్నారు.

మా మండలం లెక్కల టీచర్లందరికీ ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. వర్క్‌షీట్లు, పీపీటీలు, పాత ఎస్ఏ (సమ్మేటివ్ పరీక్ష) పేపర్లు రోజూ వస్తుంటాయి. తీరా పాఠం మొదలుపెట్టే రోజు వెతికితే దొరకవు. దొరికినవి డౌన్‌లోడ్ కావు. ఏం చేయాలి?
– స్కూల్ అసిస్టెంట్, దేవరకొండ

సార్, వాట్సాప్ కబురు పంపడానికి పనికొస్తుంది, దాచిపెట్టడానికి పనికిరాదు. వచ్చినప్పుడే డౌన్‌లోడ్ చేసుకోని ఫైలు వాట్సాప్ సర్వర్లో కొన్నాళ్లే ఉంటుంది. ఆ తర్వాత నొక్కితే, పంపినవాళ్లనే మళ్లీ పంపమని అడగమంటుంది. పంపినాయన ఫోన్ నిండిందని అప్పటికే అన్నీ తుడిచేసి ఉంటాడు.

గూగుల్ డ్రైవ్‌లో ఒక ఉమ్మడి ఫోల్డర్ పెట్టుకోండి. ఈ మాట మీకెవరో ఇదివరకే చెప్పి ఉంటారు. చెప్పనిది ఏమిటంటే, అది ఎవరి ఖాతాలో ఉండాలన్నది. ఉత్సాహం ఉన్న ఒక టీచర్ తన సొంత జీమెయిల్‌లోనే మొదలుపెడతారు. ఉచితంగా ఇచ్చే 15 జీబీ మెయిల్‌కు, ఫొటోలకు, డ్రైవ్‌కు కలిపి. సగం జాగా ఇంట్లో పెళ్లి ఫొటోలతోనే పోతుంది. ఆయన బదిలీ అయినా, రిటైరైనా ఫోల్డర్ అనాథే. అందుకని గ్రూపు కోసమే ఒక కొత్త ఖాతా తెరవండి. పాస్‌వర్డ్ ఇద్దరి దగ్గర ఉండాలి. రికవరీకి ఇచ్చే ఫోన్ నంబరు ఇంకా చాలా సర్వీసు ఉన్నవాళ్లదైతే మంచిది, నవ్వులాటకు అనడం లేదు. రెండేళ్లపాటు ఎవరూ తెరవని ఖాతాను గూగుల్ తీసేసే వీలుంది కాబట్టి ఏడాదికోసారైనా లాగిన్ కావాలి.

ఇక ఫైళ్ల పేర్లు. ‘న్యూ’, ‘ఫైనల్’, ‘ఫైనల్ 2’, ‘స్కాన్ 0047’ అని ఉన్నన్నాళ్లూ ఎంత మంచి వర్క్‌షీటైనా లేనట్టే లెక్క. ‘08_గణితం_పాఠం03_చతుర్భుజాల నిర్మాణం_వర్క్‌షీట్’ అని పెట్టి చూడండి. పేరు తెలుగులో ఉన్నా ఫోన్లో, కంప్యూటర్లో ఏ ఇబ్బందీ ఉండదు. ఎనిమిదికి ముందు సున్నా ఎందుకంటే, అది లేకపోతే కొన్నిచోట్ల వరసలో పదో తరగతి వచ్చి ఆరో తరగతి ముందు కూర్చుంటుంది.

ఫోల్డర్‌ను లింకు ఉన్న ప్రతివారూ చూడగలిగేలా పెట్టండి. మార్చే హక్కు మాత్రం ముగ్గురు నలుగురికి చాలు. అందరికీ ఎడిటర్ హక్కు ఇస్తే, తన ఫోన్లో జాగా చేసుకుంటున్నాననుకుని ఎవరో ఒకరు అందరి ఫైళ్లూ తీసేస్తారు. ఈ సెట్టింగ్ అసలు మార్చకుండా లింకు పంపితే ‘అనుమతి అడగండి’ అని తెర పడుతుంది. పాఠం మొదలుకాబోయే నిమిషంలో ఎవరు ఎవరిని అడుగుతారు? ఆ లింకును గ్రూపులో పిన్ చేసినా ముప్పై రోజులకు మించి నిలవదు. గ్రూపు డిస్క్రిప్షన్‌లో రాసిపెట్టండి, అక్కడైతే చెక్కుచెదరదు.

ఇంకొక్కటి. పీడీఎఫ్ ఒక్కటే పెట్టకండి, దాన్ని తయారుచేసిన వర్డ్ లేదా పీపీటీ ఫైలు కూడా పక్కన ఉంచండి. మీ వర్క్‌షీట్‌లో రెండు లెక్కలు మార్చుకుంటేగాని పక్క బడి టీచర్‌కు పనికిరాకపోవచ్చు. పీడీఎఫ్ అయితే ఆమె మొత్తం మళ్లీ టైపు చేయాలి. గూగుల్ ఫారం క్విజ్ పంచుకునేటప్పుడు ఒక చిట్కా ఉంది. ఎడిట్ లింకు చివర ‘ఎడిట్’ అని ఉన్న ఇంగ్లిష్ మాట తీసేసి, అక్కడ ‘కాపీ’ అని ఇంగ్లిష్‌లోనే రాసి పంపండి. తెరిచినవాళ్లకు సొంత నకలు తయారవుతుంది, మీ అసలు ఫారం జోలికి ఎవరూ రారు. అయితే ముందు ఆ ఫారాన్ని వాళ్లు తెరవగలిగేలా షేర్ చేసి ఉండాలి.

పిల్లల పేర్లు, ఆధార్ నంబర్లు ఉన్న షీట్లు మాత్రం ఈ ఫోల్డర్ గడప కూడా తొక్కకూడదు.

మాది అమ్రాబాద్ వైపు హైస్కూలు. సిగ్నల్ ఉంటే ఉన్నట్టు, లేకుంటే లేనట్టు. పెద్ద టచ్ ప్యానెల్ (డిజిటల్ బోర్డు) ఉంది కాని నెట్ లేక ఉత్త బోర్డులాగే వాడుతున్నాం. ఫిజిక్స్‌కు నెట్ లేకుండా నడిచేవి ఏమైనా ఉన్నాయా?
– ఫిజికల్ సైన్స్ టీచర్

ఉన్నాయి, మంచివే ఉన్నాయి. ముందుగా ‘ఫెట్’ సిమ్యులేషన్లు. ఫిజిక్స్‌లో నోబెల్ అందుకున్న కార్ల్ వీమన్ 2002లో అమెరికాలోని కొలరాడో యూనివర్సిటీలో మొదలుపెట్టిన పని ఇది. వెబ్‌సైట్‌లో ఒక్కో ప్రయోగం పక్కన డౌన్‌లోడ్ గుర్తు ఉంటుంది. నొక్కితే ఒకే ఒక్క హెచ్‌టీఎంఎల్ ఫైలు దిగుతుంది, అంతే. ఇన్‌స్టాల్ చేసేదేమీ లేదు, ఖాతా అక్కర్లేదు, డబ్బు అడగరు. చాలావాటికి తెలుగు అనువాదం కూడా ఉంది. ఆ సైట్లోనే అనువాదాల పేజీలో తెలుగు ఎంచుకుంటే జాబితా వస్తుంది.

విద్యుత్ పాఠానికి డీసీ సర్క్యూట్ కిట్ దించుకోండి. బ్యాటరీ, బల్బు, తీగలు, స్విచ్చు ఒక పక్కన ఉంటాయి. పిల్లలు ప్యానెల్ మీద వేలితో లాగి కలుపుకోవచ్చు. తీగల్లో ఎలక్ట్రాన్లు నడుస్తూ కనిపిస్తాయి. బల్బు లేకుండా బ్యాటరీ రెండు కొసలనూ ఉత్త తీగతో కలిపితే తెర మీద మంటలు లేస్తాయి. షార్ట్ సర్క్యూట్ గురించి అరగంట చెప్పేది అక్కడ అర నిమిషంలో అయిపోతుంది. నిజం బ్యాటరీతో ఈ పని చేయొద్దని కూడా అప్పుడే చెప్పేయండి.

ప్యానెల్ దగ్గర రెండు చిక్కులు వస్తాయి. ఒకటి, ఫైల్ మేనేజర్లో ఆ ఫైలును నొక్కితే వేరే వ్యూయర్‌లో తెరుచుకుని తెల్ల తెరే కనిపించవచ్చు. కాసేపు నొక్కి పట్టి, ‘ఓపెన్ విత్’లో క్రోమ్ ఎంచుకోండి. మీ ప్యానెల్‌కు విండోస్ వైపు కూడా ఉంటే అందులో ఇంకా సాఫీగా నడుస్తుంది. రెండోది పెన్ డ్రైవ్. ఎన్‌టీఎఫ్ఎస్‌లో ఫార్మాట్ చేసిన డ్రైవ్‌ను కొన్ని ప్యానెళ్లు అసలు గుర్తించవు. ఫ్యాట్32 అయితే దాదాపు అన్నిట్లో నడుస్తుంది, కాకపోతే 4 జీబీ దాటిన ఒక్క ఫైలు అందులో ఎక్కదు. మన వీడియోలు అంత పెద్దవి కావు కాబట్టి ఫ్యాట్32కే నా ఓటు. జీరాక్స్ షాపులో పెట్టిన డ్రైవ్‌ను నేరుగా తెచ్చి ప్యానెల్‌కు గుచ్చకండి. ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా మారిపోయే వైరస్ సంగతి మీకు నేను చెప్పేదేముంది.

లెక్కల టీచర్‌కు బొమ్మలు, గ్రాఫులు గీసి చూపే జియోజీబ్రా చెప్పండి, ఒకసారి ఇన్‌స్టాల్ చేస్తే అదీ నెట్ అడగదు. లైబ్రరీ పీరియడ్‌కు నెట్ లేకుండా వికీపీడియా చదివించే కివిక్స్ యాప్ ఉంది. అచ్చంపేటలోనో, నాగర్‌కర్నూల్‌లోనో నెట్ బాగున్న చోట తెలుగు వికీపీడియాను ఒకే ఫైలుగా దించుకుంటే, బడిలో పిల్లలు ఏ సిగ్నల్ లేకుండా వెతుక్కుని చదువుకోవచ్చు. పాఠ్యపుస్తకాల కోసం ప్రభుత్వం నడిపే దీక్ష యాప్‌లో పాఠాలను కూడా ఇలాగే ముందుగా దించుకునే వీలుంది.

కొత్త పాఠ్యపుస్తకంలో క్యూఆర్ కోడ్ స్కాన్ కావట్లేదు. ముద్రణ అలుక్కుపోయింది.
– టీచర్, నకిరేకల్

కోడ్ కింద అక్షరాలు, అంకెలు కలిపి మొత్తం ఆరు గుర్తుల వరస ఒకటి ఉంటుంది చూడండి. దీక్షలో అదే టైపు చేయండి, అదే పాఠం తెరుచుకుంటుంది. అలుక్కోని కోడ్‌లనైనా ఫోన్ కెమెరాతో కాకుండా దీక్ష యాప్‌లోని స్కానర్‌తోనే చేయడం నయం.

మా తెలుగు టీచర్ల ప్రశ్నపత్రాలు పాతవి చాలా ఉన్నాయి. ఫోన్లో తెరిస్తే అర్థంకాని ఇంగ్లిష్ గుర్తులు కనిపిస్తున్నాయి. వాటిని వాడుకునే దారి లేదా?
– మిర్యాలగూడ నుంచి ఒక టీచర్

అవి అను ఫాంట్లలో టైపు చేసినవై ఉంటాయి మేడమ్. అను ఫాంట్లలో కంప్యూటర్ దాచుకునేవి ఇంగ్లిష్ గుర్తులే. ఆ గుర్తుల మీద తెలుగు అక్షరాల బొమ్మలు తొడిగి చూపిస్తుంది. ఫాంటు ఉన్న డీటీపీ సెంటర్లో చక్కటి తెలుగు, మీ ఫోన్లో గందరగోళం. యూనికోడ్‌లో అలా కాదు, ‘క’ అంటే ఎక్కడైనా ‘క’నే.

వర్డ్ ఫైలు ఉంటే అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు ఆన్‌లైన్‌లో ఉన్నాయి. మార్చాక వత్తులు, సున్నాలు ఒకసారి చూసుకోవాలి, అక్కడే తప్పులు దొర్లుతాయి. మీ దగ్గర ముద్రించిన కాగితమే మిగిలి ఉంటే ఇంకో ఉపాయం ఉంది. ఎండ వెలుతురులో నీడ పడకుండా ఫొటో తీసి గూగుల్ డ్రైవ్‌లో వేయండి. కంప్యూటర్లో డ్రైవ్ తెరిచి, ఆ ఫొటో మీద రైట్ క్లిక్ చేసి గూగుల్ డాక్స్‌తో తెరవండి. బొమ్మ కింద అందులోని తెలుగంతా టైపు చేసినట్టు వస్తుంది. పద్యాలకు, బిట్లకు బాగానే పనిచేస్తుంది. జతపరచడం లాంటి రెండు వరసల ప్రశ్నలు మాత్రం కలగాపులగం అవుతాయి, వాటిని చేత్తో సరిచేసుకోవాల్సిందే.

ఇకమీదట డీటీపీ ఆయనకు ఒక మాట చెప్పండి, యూనికోడ్‌లో చేయమని. మండలి, ఎన్టీఆర్, రామభద్ర, సురన్న లాంటి అందమైన ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. ‘అనులోనే అక్షరం బాగుంటుంది’ అని ఆయన అంటారు. ఒకప్పుడు నిజమే, ఇప్పుడు అలవాటు తప్ప వేరే కారణం నాకైతే కనిపించదు.

ప్రైమరీ పిల్లల కోసం కథల పుస్తకాల పేజీలు జీరాక్స్ తీసి ఇస్తున్నాను. కాపీరైట్ తప్పవుతుందా? గ్రూపులో పెట్టవచ్చా?
– ఎస్‌జీటీ, వనపర్తి

తరగతిలో బోధన కోసం టీచర్, పిల్లలు నకలు తీసుకోవడాన్ని 1957 నాటి కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ తప్పుగా చూడదు. ఢిల్లీ యూనివర్సిటీ దగ్గరి జీరాక్స్ షాపు మీద పెద్ద పబ్లిషర్లు వేసిన కేసులో 2016లో హైకోర్టు షాపు పక్షాన నిలబడింది ఈ సెక్షన్ ఆధారంగానే. మీరు మీ క్లాసుకు నాలుగు పేజీలు ఇవ్వడం వేరు, పుస్తకం మొత్తం స్కాన్ చేసి వందలమంది ఉన్న గ్రూపులో వేయడం వేరు. రెండోదానికి ఆ రక్షణ ఉందనుకోకండి. గైడ్లు, పత్రికల బాలల పేజీలకూ ఇదే వర్తిస్తుంది.

ఈ తలనొప్పి లేకుండా ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైట్ చూడండి. 2015 నుంచి నడుస్తోంది. బొమ్మల కథలు తెలుగులో, చదివే స్థాయిని బట్టి విడదీసి ఉంటాయి. పీడీఎఫ్ దించుకోవచ్చు, ముద్రించుకోవచ్చు, పంచుకోవచ్చు. రచయిత, చిత్రకారుల పేర్లు మాత్రం తీసేయకూడదు. నాకు బాగా నచ్చింది ఏమిటంటే, అందులోనే కథను మార్చి రాసుకోవచ్చు. ‘నేను వెళ్తున్నాను’ అని ఉన్నచోట ‘నేను పోతున్న’ అని పాలమూరు మాటలో పెట్టి ఒకటో తరగతి పిల్లల ముందు చదవండి, తేడా వాళ్ల ముఖాల్లోనే తెలుస్తుంది. తండా బడి అయితే పక్కన లంబాడీ మాటలు తెలుగు లిపిలో రాసుకున్నా ఎవరూ వద్దనరు.

కృష్ణానది పాఠాన్ని మ్యాపులో కదిలించి చూపాలని ఉంది. వీడియోలు వద్దు, మన ఊళ్లు కనపడాలి.
– సోషల్ టీచర్, మక్తల్

మీరు నది మన రాష్ట్రంలో అడుగుపెట్టే చోటికి దగ్గర్లోనే ఉన్నారు, అక్కడినుంచే మొదలుపెట్టండి. కంప్యూటర్లో క్రోమ్‌లో గూగుల్ ఎర్త్ తెరిచి కొత్త ప్రాజెక్టు మొదలుపెట్టండి. తంగిడి, జూరాల, శ్రీశైలం, నాగార్జునసాగర్ దగ్గర ఒక్కో గుర్తు పెట్టి, ఒక్కోదానికి రెండు వాక్యాలు రాయండి. సాగర్ దగ్గర 1955 డిసెంబరులో నెహ్రూ శంకుస్థాపన, 1967లో ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదలడం రాస్తే సరిపోతుంది. ‘ప్రెజెంట్’ నొక్కితే ఒక గుర్తు నుంచి ఇంకో గుర్తుకు తెర ఎగురుకుంటూ పోతుంది. నది మన ఊరి పక్కనుంచి పోతున్నట్టు కనిపిస్తే క్లాసులో ఎవరూ నిద్రపోరు.

దీన్ని కేఎంఎల్ (మ్యాపు గుర్తులను దాచే) ఫైలుగా దించి ఇతర టీచర్లకు పంపవచ్చు, వాళ్లు తమ ఊరి చెరువునో వాగునో అందులో చేర్చుకుంటారు. కంప్యూటర్లో వేసుకునే ఎర్త్ ప్రోలో గడియారం గుర్తు నొక్కితే పాత సంవత్సరాల చిత్రాలు కూడా వస్తాయి. సాగర్ నిండిన ఏడు, ఎండిన ఏడు పక్కపక్కన చూపించండి. అందులోనే కొలత స్కేలు ఉంది. ఏదో ఒక రోజు మహబూబ్‌నగర్ పిల్లలమర్రి చుట్టూ గీత గీయించి, ఆ మర్రి గొడుగు ఎన్ని ఎకరాలు పరుచుకుందో పిల్లల చేతనే కొలిపించండి. జవాబులు ఒక్కొక్కరికి ఒక్కోలా వస్తాయి. గీత ఎక్కడ గీయాలన్న దాని మీద తగువు పెట్టుకోనివ్వండి.