సప్తపది జరగకపోతే పెళ్లి చెల్లదా?

మీ అన్నగారి పెళ్లి సింహాచలం కొండమీద జరిగిందనీ, వెనుక మరో రెండు జంటలు ముహూర్తానికి ఎదురుచూస్తుండడంతో జీలకర్ర బెల్లం, మంగళసూత్రధారణ, తలంబ్రాలతోనే పంతులుగారు ముగించేశారనీ, ఇప్పుడు మీ మేనత్తగారు ఏడడుగులు నడవని పెళ్లి పెళ్లే కాదంటున్నారనీ రాశారు. నేను వకీలును కాను, వేదం చదువుకున్నవాణ్ణీ కాను. అయితే ఇదే వివాదం నా పెళ్లిలోనే పుట్టింది కాబట్టి, అప్పటినుంచి అడిగి, చదివి తెలుసుకున్నది చెబుతాను.

మా ముహూర్తం రాత్రి ఒంటిగంట దాటాక. తలంబ్రాలు అయ్యేసరికి చుట్టాలలో సగంమంది బస్సెక్కేశారు, ఫొటోగ్రాఫరు సామాను సర్దుకున్నాడు. తెల్లవారి ఆరింటికల్లా మండపం మరొకరికి అప్పగించాలని యాజమాన్యం తొందరపెట్టడంతో హోమం జరగనే లేదు. అప్పగింతలకు సిద్ధమవుతుండగా మా మామగారి అన్నగారు అడ్డుపడి, సప్తపది కానిదే పిల్లను పంపేది లేదని భీష్మించుకున్నారు. చివరకు గోపాలపట్నంలో మా ఇంటి వరండాలోనే అగ్ని ప్రతిష్ఠించారు. సన్నికల్లు తొక్కించాలంటే మా ఇంట్లో మిక్సీ తప్ప సన్నికల్లు లేదు. వెనుకింటి పిన్నిగారు పసుపు మరకలతోనే తన సన్నికల్లు మోసుకొచ్చారు. ఆ తరువాత ఏడు చిన్న బియ్యపు కుప్పలమీదుగా, పంతులుగారు చెప్పినట్టు నా భార్య కుడికాలి బొటనవేలు పట్టుకుని ఒక్కొక్క అడుగూ వేయించాను. ఆ ఘట్టానికి ఒక్క ఫొటో కూడా లేదు.

మా పెదమామగారి పట్టుదలకు ఆధారం ఉంది. పాణిగ్రహణ మంత్రాలే భార్యాత్వానికి లక్షణమనీ, వాటికి పరిసమాప్తి ఏడవ అడుగునందేననీ మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయం చెబుతుంది. అన్నం కోసం ఒకటి, బలం కోసం రెండు అంటూ సాగే ఆ అడుగులు ఏడవదానితో 'సఖా సప్తపదా భవ', అంటే ఏడడుగులు నడిచి నాకు సఖివి కమ్మనే మాట దగ్గరికి చేరతాయి. మనం పెళ్లికి ప్రాణమనుకునే మంగళసూత్రం మాత్రం, మన ప్రాంతంలో చాలామంది అనుసరించే, ఇంట్లో జరిపే శుభకార్యాల విధులు చెప్పే ప్రాచీన గ్రంథమైన ఆపస్తంబ గృహ్యసూత్రంలో కనబడదు. 'మాంగల్యం తంతునానేన' అన్నది శ్లోకమే తప్ప వేదమంత్రం కాదు. జీలకర్ర బెల్లమూ అంతే, ఆచారంగా వచ్చినది. ఈ సంగతి చెప్పినప్పుడు మా అమ్మ నన్ను చూసిన చూపు ఇప్పటికీ మరచిపోలేదు.

ఇంతమాత్రాన మీ మేనత్తగారు గెలిచినట్టు కాదు. 1955 నాటి హిందూ వివాహ చట్టం ఏడవ సెక్షను ప్రకారం వధూవరులలో ఏ ఒక్కరి పక్షపు ఆచారం ప్రకారం తంతు జరిగినా చాలు. ఆ ఆచారంలో సప్తపది భాగమై ఉంటేనే ఏడవ అడుగుతో వివాహం సంపూర్ణమవుతుంది. కాబట్టి అసలు అడగవలసిన ప్రశ్న, మీ ఇంట్లోగాని మీ వదినగారి పుట్టింట్లోగాని తరతరాలుగా సప్తపది ఉన్నదా అని. ఉత్తరాంధ్రలో తాళి కట్టడంతోనే పెళ్లి పూర్తయిందనుకునే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. వారి పెళ్లిళ్లకు ఏ లోటూ లేదు. అయితే ఆచారమంటే చాలాకాలంగా, ఎడతెగకుండా పాటిస్తున్నది అయి ఉండాలని చట్టం అంటుంది. పంతులుగారి తొందర ఆచారం కాజాలదు.

ఆచారానికి ఎంత బలముందో చూడాలంటే మన మేనరికాలనే చూడండి. మేనమామ కూతురిని చేసుకోవడం దక్షిణాదివారి ఆచారమని ప్రాచీన ధర్మగ్రంథమైన బౌధాయన ధర్మసూత్రమే పేర్కొన్నది. ఇక మేనమామకు మేనకోడలిని ఇవ్వడం చట్టం నిషేధించిన బంధుత్వాలలో ఉన్నది, కాని ఆచారం అనుమతిస్తే చెల్లుతుందని అదే చట్టం మినహాయింపు ఇచ్చింది. మా అక్కను ఇచ్చినది మా మేనమామకే. మీ మేనత్తగారిది ఏ సంబంధమో ఒకసారి నెమ్మదిగా అడిగి చూడండి.

తంతుకు సంబంధం లేకుండా పెళ్లిని పూర్తిగా చెల్లకుండా చేసే విషయాలు వేరే ఉన్నాయి. పెళ్లినాటికి ఇద్దరిలో ఎవరికైనా మొదటి భార్యగాని భర్తగాని బతికి ఉండి, ఆ వివాహం రద్దు కాకపోతే, వంద అడుగులు నడిచినా ప్రయోజనం లేదు.

రిజిస్ట్రేషను గురించి కూడా అడిగారు. నా భార్య పాస్‌పోర్టు కోసం చాలా ఏళ్ల తరువాత మా పెళ్లి నమోదు చేయించాము. గుమాస్తా శుభలేఖ, వయసు ధ్రువపత్రాలు, తాళి కడుతున్న ఫొటో చూశాడు. సప్తపది మాట ఎత్తనే లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2002 చట్టం ప్రకారం నమోదు తప్పనిసరి, అయినా నమోదు కానంత మాత్రాన హిందూ వివాహం చెల్లకుండా పోదు. అలాగే ఏ తంతూ లేకుండా పత్రం ఒక్కటే తెచ్చుకుంటే అది వివాహం కాదని 2024లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. తంతుతో పనిలేకుండా పెళ్లి చేసుకోవాలంటే 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టమనే దారి వేరే ఉంది.

మీ అన్నగారి విషయంలో నా అభిప్రాయం అడిగారు గనుక చెబుతున్నాను. రెండు కుటుంబాలలోనూ సప్తపది లేకపోతే దిగులు పడవద్దు. ఏ ఒక్క పక్షంలోనైనా ఉంటే, లేదా మీ మేనత్తగారి నోటికి సమాధానం కావాలనుకుంటే, ఒక మంచిరోజు చూసి ఇంట్లోనే హోమం పెట్టించి ఏడడుగులూ నడిపించండి, ఈసారి ఫొటో తీయించండి. సన్నికల్లు మాత్రం ముందుగానే ఎవరింట్లో ఉందో కనుక్కుని పెట్టుకోండి.