ఎదుటి జట్టు ఎక్కడమ్మా?

కడప

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ అందింది. అనంతపురం అమ్మాయిల రగ్బీ క్లబ్బు, బెంగళూరు లీగ్‌లో అగ్రస్థానంలో ఉన్న జట్టుతో తలపడటానికి సిద్ధం కావడం అన్న వస్తువే నాకు ముచ్చటేసింది. రాయలసీమ నుంచి కథ వస్తోందంటే ఎండిన బోరుబావో, తగలబడిన జీపో ఉంటుందని ముందే బొమ్మ గీయించి పెట్టుకునే కాలంలో నువ్వు ఒక కోల బంతిని పట్టుకొచ్చావు. అందుకు మెచ్చుకోలు. ఇక మిగతా ఉత్తరంలో చీవాట్లే ఎక్కువ, ఓపిక పట్టు.

మీ జట్టులో ఎవరి నాన్న ఆటో నడుపుతాడో, ఎవరి అమ్మ వేరుశనగ చేలకు కూలికి వెళ్తుందో, ఎవరికి సంబంధాలు చూస్తున్నారో నాకు ఇప్పుడు కంఠతా వచ్చు. బెంగళూరు జట్టు గురించి మాత్రం కథ మొత్తం గాలించినా మూడు మాటలే దొరికాయి: బలమైనవాళ్ళు, డబ్బున్నవాళ్ళు, పొగరున్నవాళ్ళు. ఇంతేనా? బలం తక్కువైనవాడికి బలవంతుడి ధ్యాస తప్ప ఇంకో ధ్యాస ఉండదమ్మా. బలవంతుడికి ఆ అవసరమే లేదు. ఓడిపోతారని ఊరంతా తేల్చేసిన జట్టుకు ఎదుటివాళ్ళ పరుగు, అలవాట్లు, ఎవరు ఎప్పుడు అలిసిపోతారో అన్నీ తెలిసి ఉంటాయి. అసలు సరుకు అదే. నువ్వు దాన్నే వదిలేశావు.

ఉదాహరణకు ఒక్కటి చూడు. పదిహేను మంది ఆడే రగ్బీలో వీపు మీది అంకె ఊరికే వేసింది కాదు, అది ఆడే స్థానాన్ని చెబుతుంది. ఒకటి నుంచి ఎనిమిది దాకా స్క్రమ్‌లో, అంటే బంతి కోసం రెండు జట్లూ ఎదురెదురుగా గుంపు కట్టి నెట్టుకునే చోట, తలలు దూర్చి నెట్టేవాళ్ళు. తొమ్మిది ఆ కుమ్ములాటలోంచి బంతి తీసి ఇస్తుంది. దాన్ని ఏం చేయాలో సాధారణంగా పది నిర్ణయిస్తుంది: పరుగెత్తాలా, పక్కకు అందించాలా, కాలితో తన్నాలా. నీ కథానాయిక ఏడో నంబరు. స్క్రమ్ విడిపోగానే ఎదుటి పదో నంబరు మీదికి ఉరకడం ఆమె పనుల్లో ముఖ్యమైనది. అలాంటి అమ్మాయి ఫోనులో వాళ్ళ పాత ఆటలు పెట్టుకుని, ఆపి, వెనక్కి జరిపి, మళ్ళీ చూడదా? తన్నాలనుకున్నప్పుడు ఆ పదో నంబరు ఒక అడుగు వెనక్కి జరిగి నిలబడుతుందనీ, అందించాలనుకున్నప్పుడు జరగదనీ ఏదో ఒక రాత్రి కనిపెట్టదా? కనిపెట్టి, సంగటి కెలుకుతున్న అమ్మ దగ్గరికి వెళ్ళి "వెనక్కి జరిగిందమ్మా!" అని అరిస్తే, ఎవరు ఎక్కడికి జరిగారో అర్థం కాక ఆ తల్లి తెడ్డుతో సహా గుమ్మంలోకి రాదా? నీ కథలో ఆ అమ్మాయి మ్యాచ్‌కు ముందు రాత్రి మిద్దె మీద పడుకుని చుక్కలు లెక్కపెట్టింది. చుక్కలతో ఆమెకేం పని?

రెండో సంగతి, పాయింట్ల పట్టిక. "లీగ్‌లో అగ్రస్థానం" అని రాసి వదిలేశావు. అగ్రస్థానం ఎలా వస్తుందో నీకు తెలిసి ఉంటే కథ సగం దానంతట అదే నడిచేది. చాలా లీగుల్లో గెలిస్తే పట్టికలో నాలుగు పాయింట్లు, సమానమైతే రెండు. ట్రై అంటే ఎదుటివాళ్ళ గీత దాటి బంతిని నేలకు ఆనించడం, ఆట స్కోరులో దానికి అయిదు. ఒక ఆటలో నాలుగు ట్రైలు సాధిస్తే, గెలిచినా ఓడినా, అదనంగా ఒకటి. ఏడు లేదా అంతకన్నా తక్కువ తేడాతో ఓడిన జట్టుకు కూడా ఒకటి. ఓడినవాళ్ళకు, బాగా ఓడినందుకు, పాయింటు ఇచ్చే ఆట ఇది! నాకు తెలిసి మన కథకుల చేతికి ఇంత మంచి నియమం ఏ ఆటలోనూ చిక్కదు.

ఇప్పుడు మీ కోచ్ మేడం స్థానంలో కూర్చో. మీ జట్టు పట్టికలో కింది నుంచి రెండోది. వచ్చే ఏడాది లీగ్‌లో ఉండటానికి ఒక్క పాయింటు చాలు. అగ్రజట్టును ఓడించడం కల్ల అని ఆమెకు తెలుసు. హాజరు పుస్తకం ఆఖరి పేజీలో ఆమె వేసుకునే లెక్క గెలవడానికి కాదు, ఏడు లోపు తేడాతో ఓడటానికి. ఎదుటివాళ్ళ తప్పుకు పెనాల్టీ దొరికిన ప్రతిసారీ ట్రై కోసం ఎగబడకుండా బంతిని గోలు స్తంభాల మధ్యకు తన్ని స్కోరులో మూడు తీసుకోవాలి. వాళ్ళకు నాలుగో ట్రై మీద ఆశ ఉంటుంది కాబట్టి ఆఖర్లో తెగించి ఆడతారు, అప్పుడు తప్పులు చేస్తారు. ఇదీ ఆమె పథకం. పిల్లలకు మాత్రం పొద్దున్నే "గెలిచి రావాలి" అని ఉపన్యాసం ఇస్తోంది. ఆ పుస్తకం ఒక రోజు కెప్టెన్ కంటపడింది. తన కోచ్ తమ ఓటమిని పాయింట్లతో సహా ముందే లెక్కగట్టి పెట్టుకుందని ఆ పిల్లకు తెలిసింది. ఇద్దరిలో ఎవరిది తప్పు? నాకైతే ఇద్దరూ సబబుగానే తోస్తున్నారు, అందుకే దీన్ని కథ అంటున్నాను.

కొన్ని పొరపాట్లు దిద్దుకో. మొదటి పేజీలో పదిహేను మంది అమ్మాయిలను నిలబెట్టావు. ఆఖరి పేజీకి వచ్చేసరికి ఏడు నిమిషాలకే విరామం ఇచ్చేశావు. ఏడు నిమిషాల సగం ఏడుగురు ఆడే సెవెన్స్‌లో, పదిహేను మంది ఆటలో సగం అంటే నలభై నిమిషాలు. మన జిల్లాల్లో సెవెన్స్ అయితే నమ్మించడం తేలిక. 2025లో ముంబైలో జరిగిన రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో హైదరాబాద్ పేరుతో ఆడిన జట్టు కూడా సెవెన్సే ఆడింది. కానీ నేను చెప్పిన పాయింట్ల మెలిక కావాలంటే పదిహేను మందితోనే ఉండు. ఇంకొకటి, దీనికి నవ్వాపుకోలేకపోయాను. నీ కథలో జట్టును గెలిపించిన ఆ అద్భుతమైన పాస్ ఉంది చూశావూ, "ముందు పరుగెత్తుతున్న స్నేహితురాలికి" విసిరినది, అది తప్పు పాస్. రగ్బీలో చేత్తో బంతిని పక్కకో వెనక్కో అందించాలి తప్ప ముందుకు విసరకూడదు. రిఫరీ ఈల వేస్తే నీ పతాక సన్నివేశం అక్కడే ఆగిపోతుంది. బంతితో ముందుకు పోతూ, సాయం కోసం వెనక్కి చూడాల్సిన ఆట అది. ఈ ఒక్క నియమం లోపలికి ఎక్కితే నీ అమ్మాయిల పరుగంతా మళ్ళీ రాసుకుంటావు.

నాకు బాగా నచ్చింది, నువ్వు రెండు వాక్యాల్లో దాటేసింది, ఆ ఏడో నంబరు అమ్మాయి కబడ్డీ నుంచి వచ్చిందన్న మాట. అక్కడ ఆగవలసింది. కబడ్డీలో రైడర్ మడమ దొరికితే కూత ఆగేదాకా వదలకూడదు. చిన్నప్పటి నుంచి మెచ్చుకున్నదీ, కప్పులు తెచ్చిపెట్టిందీ ఆ పట్టే. రగ్బీలో ఎదుటి మనిషిని పట్టి పడేసిన మరుక్షణం చేతులు తీసేయాలి, పక్కకు దొర్లాలి. కింద పడ్డ మనిషి కూడా బంతి వదలాలి. తీయకపోతే పెనాల్టీ. ఆ పిల్ల చేతులు మాట వినవు. మెదడు వదలమంటుంది, వేళ్ళు బిగుసుకుంటాయి. సాధనలో ప్రతిసారీ మేడం ఈల, ప్రతిసారీ "వదులు, వదులు" అని అరుపు. జట్టులో అందరికన్నా గట్టి పట్టున్న అమ్మాయే జట్టుకు అందరికన్నా ఎక్కువ పెనాల్టీలు తెచ్చిపెడుతోంది. ఆ పెనాల్టీలను గోలుగా మార్చేది ఎవరు? నేను ఇందాక చెప్పిన ఆ పదో నంబరే. చూశావా, ఎదుటి జట్టు లేకుండా ఈ పట్టు సమస్య కూడా పూర్తిగా రాయలేవు. ఆ వేళ్ళ మీద కనీసం రెండు పేజీలు ఖర్చు పెట్టు.

ఇక మైదానం. "ఎర్రమట్టి నేల" అన్నావు, సరే. ఆ నేల మీద పడితే ఏమవుతుందో రాయలేదు. అనంతపురంలో గడ్డి మొలవని మైదానం ఎండలకు సిమెంటులా గట్టిపడి, పైన సన్నటి గరుసు తేలుతుంది. దాని మీద ట్యాకిల్ చేస్తే, అంటే ఎదుటి మనిషిని పట్టి పడేస్తే, మోచేతులు, మోకాళ్ళు చెక్కుకుపోతాయి. అందుకే ఆ అమ్మాయిలు తెలియకుండానే అర క్షణం ఆలోచించి పడతారు. మేకుల బూట్లు ఆ నేలలో దిగవు కాబట్టి మామూలు బూట్లతోనే ఆడతారు. బెంగళూరులో గడ్డి, పైగా సాయంత్రం వాన. తడి బంతి చేతిలో చేపలా జారుతుంది. మరి తడి బంతిని పట్టడం ఎక్కడ నేర్చుకుంటారు? బకెట్‌లో సబ్బు నీళ్ళు కలిపి బంతిని ముంచి ముంచి ఆడాలి, చాలా చోట్ల చేసే సాధనే ఇది. ట్యాంకరు కోసం బిందెలు వరుసలో పెట్టుకునే వీధిలో, ఒక అమ్మాయి బంతిని తడపడానికి బకెట్ నీళ్ళు అడిగితే ఇంట్లో ఏమంటారు? నువ్వు అమ్మకూ కూతురికీ మధ్య నాలుగు పేజీల గొడవ రాశావు. ఆడపిల్లకు ఈ ఆటలేమిటని ఆమె, నా బతుకు నాదని ఈమె. అవన్నీ కొట్టేయి. ఈ బకెట్ గొడవ పది వరుసల్లో రాయి, చాలు.

కొట్టేయవలసినవి ఇంకా ఉన్నాయి. బెంగళూరు కెప్టెన్ నడుం మీద చేతులు వేసుకుని వికటంగా నవ్వడం తీసేయి. ఆమెకు మీసం ఒక్కటే తక్కువ, మన సినిమాల ఫ్యాక్షన్ నాయకుడిలా ఉంది. ఎమ్మెల్యే గారి చెక్కు ఎందుకు వచ్చిందో నాకు అర్థం కాలేదు. మ్యాచ్ రోజు పొద్దున అమ్మాయిలు ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తినడం బాగుంది కానీ, అంత పరుగుకు ముందు బజ్జీ ఎవరు తింటారమ్మా? ఉగ్గాని ఉంచు, బజ్జీలు తిరుగు ప్రయాణానికి దాచిపెట్టు.

చివరి క్షణంలో ట్రై, గెలుపు, కన్నీళ్ళు. నమ్మలేదు. "నిజంగా జరుగుతాయి కదా" అంటావు. జరుగుతాయి. 2015 ప్రపంచ కప్పులో బ్రైటన్‌లో జపాన్ 34-32తో దక్షిణాఫ్రికాను ఓడించింది. దక్షిణాఫ్రికా అప్పటికి రెండుసార్లు ప్రపంచ విజేత. జపాన్ ప్రపంచ కప్పుల్లో గెలిచినది అప్పటిదాకా ఒకే ఒక్క ఆట, అదీ 1991లో జింబాబ్వే మీద. ఆఖరి నిమిషాల్లో జపాన్ 29-32తో వెనకబడి ఉంది, పెనాల్టీ దొరికింది. గోలుకు తన్నితే ఆట సమానం, అదే పెద్ద వార్త అయ్యేది. కోచ్ ఎడ్డీ జోన్స్ ఆ మూడూ తీసుకోమన్నాడు. కెప్టెన్ మైకేల్ లీచ్ స్క్రమ్ అడిగాడు. ఎదుటి జట్టులో ఒకడు పసుపు కార్డుతో బయట కూర్చున్నాడని లీచ్‌కు తెలుసు. తమ స్క్రమ్ ఆ రోజు ఎంత గట్టిగా నిలబడిందో తెలుసు. అందరూ ఆ ట్రై గురించి చెబుతారు. నన్ను పట్టుకున్నది కోచ్ మాట కాదని కెప్టెన్ స్క్రమ్ కోరిన ఆ ఘడియ. మన దేశం అమ్మాయిలకూ ఇలాంటి గెలుపు ఉంది. 2018లో పదిహేను మంది ఆటలోకి తొలిసారి అడుగుపెట్టి సింగపూర్ చేతిలో ఓడారు, మరుసటి ఏడాది మనీలాలో అదే సింగపూర్‌ను 21-19తో ఓడించారు. ఒకసారి ఓడిన చోట ఏం చూశారో, దానితోనే కదా తిరిగి వెళ్ళేది.

అందుకే నీ ముగింపుకు నా సలహా ఇది. మ్యాచ్ రాయకు. ముందు రాత్రి దగ్గర ఆపు. బెంగళూరు బస్సు ఎక్కే ముందు కోచ్ కెప్టెన్‌ను పక్కకు పిలిచి ఒకే ఒక్క లెక్క చెబుతుంది: "ఎనభై నిమిషాలు అయిపోయాయి, బంతి మన చేతిలో ఉంది, అయిదు పాయింట్లు వెనక ఉన్నాం. బయటికి తన్నేయి." బయటికి పోతే ఆట ముగుస్తుంది, పట్టికలో ఒక పాయింటు దక్కుతుంది, లీగ్‌లో చోటు నిలుస్తుంది. తన్నకుండా ఆడితే ఒక్క ట్రైతో సమానం, దాని మీద గోలు పడితే గెలుపు. మధ్యలో బంతి జారి వాళ్ళకు చిక్కి, వాళ్ళు ట్రై కొడితే మొత్తం పోతుంది. కెప్టెన్ ఏమంటుంది? ఆ పుస్తకం తాను చూశానని అప్పుడు చెబుతుందా, దాచుకుంటుందా? నాకు తెలియదు. నీకు తెలియాలి. తెలిసేదాకా కలం పట్టకు. సాయంత్రాలు ఆ మైదానం గట్టు మీద కూర్చుని రా. నోట్సు రాసుకోకు, అమ్మాయిలు నటించడం మొదలుపెడతారు. మేడంతో కాకుండా ఆటలోకి తీసుకోని అమ్మాయిలతో మాట్లాడు. గట్టు మీద కూర్చుని ఉండేవాళ్ళకు రెండు జట్లూ బాగా కనిపిస్తాయి.

ఉగాది సంచికకు పంపుతానని రాశావు. తొందర పడకు, ఉగాది ఏటా వస్తుంది. తిరగరాశాక ముందు నాకు పంపు. కోచ్‌ను మొదట్లో మేడం అనీ చివర్లో అక్కా అనీ పిలిపించావు. కావాలని చేసి ఉంటే మారిన చోటు చూపించు, లేకపోతే ఒకటే ఉంచు. ఈసారి పేజీలకు అంకెలు వేయి, కిందటిసారి కాగితాలు ఫ్యాను గాలికి చెదిరిపోయి ఏది దేని తర్వాతో తేల్చుకోవడానికి ఒక పూట పట్టింది.

మీ నాన్నగారికి నమస్కారాలు చెప్పు.