ఎర్ర కవరు ఎక్కడ దాగాలి: ఓ కొత్త రచయిత్రికి లేఖ

అమ్మాయీ,

నీ కథ రెండుసార్లు చదివాను. గ్వాంగ్‌జౌ నగరంలో ఉద్యోగం చేసే కుర్రాడు చైనా కొత్త సంవత్సరానికి హునాన్ రాష్ట్రంలోని పల్లెకు వెళ్ళడం, ఎన్నడూ చూడని చుట్టం ఎదురుపడి కూర్చోగానే "నెలకెంత వస్తుంది?" అని అడగడం, ఎత్తుగడ బాగుంది. కానీ ఆ ప్రశ్నకు నీ కుర్రాడి మొహం ఎర్రబడింది, గదిలో అందరూ తలలు దించుకున్నారు. అక్కడితో కథ చైనా దాటిపోయింది. మన పల్లె బస్సులో పక్క సీటు పెద్దాయన "జీతమెంత బాబూ" అంటే ఎవరు తల దించుకుంటారు? అక్కడా అంతే. జీతం, ఇంటద్దె, ఫ్లాటు చదరపు మీటరు ధర, పెళ్ళికి ఇచ్చిన కన్యాశుల్కం, ఇవన్నీ కుశల ప్రశ్నల్లో భాగమే. ఇప్పటి నగరాల పిల్లలకు ఈ ఆరాలంటే విసుగు, నిజమే. ఆ విసుగును మొహంలో కాదు, జవాబులో చూపించు. కుర్రాడు అంకె చెప్పడు. "గౌ హ్వా" అంటాడు, అంటే ఖర్చులకు సరిపోతోందని. పెద్దాయన ఊరుకోడు, తనే ఓ అంకె వేస్తాడు. కుర్రాడు నవ్వి ఆయన కప్పులో టీ పోస్తాడు. నాలుగు వాక్యాల్లో అయిపోవాలి.

ఇక చుట్టరికం. నాయనమ్మ చెల్లెలి కొడుకు కాబట్టి "బాబాయి" అని రాశావు. మన లెక్కకు సరే. వాళ్ళకు నాన్న సొంత తమ్ముడు "షూషూ", ఈయన "బ్యావ్‌షూ". ఆ "బ్యావ్" వినగానే ఇంటిపేరు వేరని తెలిసిపోతుంది. నాన్న అన్నదమ్ముల పిల్లలు మాత్రమే "థాంగ్", మేనత్త, మేనమామ, పెద్దమ్మ, పిన్ని పిల్లలంతా "బ్యావ్". అంటే మనం అన్న అనేవాడూ బావ అనేవాడూ అక్కడ ఒకే గంపలో పడతారు. రెండో పేజీలో "బావ" అన్నావు చూడు, తెలుగు పాఠకుడికి వెంటనే పెళ్ళి తడుతుంది. అక్కడ 1980 వివాహ చట్టంతో మేనరికానికి దారి మూసుకుపోయింది. ఆ మాట కొట్టెయ్.

అంకెల్లో దొర్లిన తప్పులు ఇంకా పెద్దవి. కొత్త సంవత్సరానికి డబ్బు పెట్టి ఇచ్చే ఎర్ర కవరు ఉంది కదా, పిల్లవాడి కవరులో 401 యువాన్లు పెట్టించావు. నూటొక్క రూపాయల అలవాటు నీ కలాన్ని వదల్లేదు! చివర ఒకటి కలపడం మనకు శుభం. అక్కడ శుభానికి సరి సంఖ్య, బేసి సంఖ్య చావింటికిచ్చే తెల్ల కవరుకు. పైగా నాలుగు పలికితే చావు అన్నట్టే వినిపిస్తుంది. 250 కూడా వద్దు, ఆ అంకె చెబితే దద్దమ్మ అన్నట్టే. 200, 600, 800 పెట్టుకో, కొత్త నోట్లే. మాటల్లో "యువాన్" అనరు, "ఖ్వాయ్" అంటారు. "రెండు లక్షలు" అని పెద్దాయన నోట పలికించకు. వాళ్ళు పదివేలకు ఒక "వాన్" చొప్పున లెక్కపెడతారు, ఆయన "ఇరవై వాన్" అంటాడు.

నువ్వు గమనించని బంగారం ఒకటి నీ కథలోనే ఉంది. గ్వాంగ్‌జౌ ఉన్న గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలో కవర్లు చిన్నవి, 10, 20 యువాన్లు చాలు. పెళ్ళికాని వాళ్ళు ఎంత పెద్దవాళ్ళైనా పుచ్చుకోవడమే. ఆ రాష్ట్రం దాటితే చాలాచోట్ల సంపాదన మొదలయ్యాక పిల్లలకూ పెద్దలకూ ఇవ్వాల్సిందే. గ్వాంగ్‌జౌ అలవాటుతో, పెళ్ళికాని నీ కుర్రాడు జేబులో 20 నోటున్న కవర్లతో హునాన్‌లో దిగితే? కథ అక్కడే నడుస్తుంది. జీతం ప్రశ్న మీదే కథంతా నడపక్కర్లేదు.

కవరు చేతులు మారే ఘట్టం అరపేజీ రాయి. ఇచ్చేవాడు రెండు చేతులా ఇస్తాడు. తల్లి వద్దంటూ అడ్డుపడుతుంది, "చిన్నపిల్లాడికి ఇవన్నీ ఎందుకు" అని నెడుతుంది. కవరు రెండు మూడుసార్లు అటూ ఇటూ తిరిగి చివరికి పిల్లవాడి కోటు జేబులోకి దిగుతుంది. ఎవరూ విప్పరు. నువ్వు గదిలోనే విప్పించి లెక్కపెట్టించావు, అది జరగదు. రాత్రి తలుపు వేసుకున్నాక తల్లి లెక్కపెడుతుంది, ఎందుకంటే రేపు ఇచ్చినవాళ్ళ పిల్లలకు అంతకు తగ్గకుండా తిరిగి వెళ్ళాలి. పెళ్ళిలోనైతే ఒకాయన పుస్తకం పెట్టుకుని పేరూ మొత్తమూ రాస్తాడు, మన చదివింపుల్లాగే.

అప్పు అడిగే సన్నివేశం మాత్రం తొందరపడి చెడగొట్టావు. జీతం మొహం మీదే అడిగే మనిషి అప్పుకు చుట్టూ తిరుగుతాడు. ఆరోగ్యం, వానలు, కొడుకు ఉద్యోగం అయ్యాక "చెయ్యి బిగువుగా ఉంది" అంటాడు, మనం చేతిలో డబ్బు ఆడటం లేదన్నట్టు. కాదనాలంటే కుర్రాడు లేదనడు, "ఈ మధ్య అంత వీలుగా లేదు" అంటాడు. ఇద్దరి పరువూ నిలుస్తుంది, సిగరెట్టు అందుతుంది, మాట మారుతుంది.

ముగింపులో రైల్లో అతని ఏడుపు తీసెయ్. పెద్దాయన బలవంతంగా సంచిలో కుక్కిన పొగబెట్టిన పంది మాంసం ఉంటుంది కదా, దాని కింద అతనిచ్చిన కవరే కనిపించనీ, విప్పకుండా. రెండో ప్రతి పంపేటప్పుడు అందులో ఎన్ని నోట్లు పెట్టావో మార్జిన్‌లో రాయి, సరి సంఖ్యో కాదో చూస్తాను.