అపార్ట్‌మెంట్‌లో నీళ్ల ఖర్చు ఫ్లాట్‌కింత అని సమానంగా పంచుకోవడం న్యాయమేనా?

కాదు. నీళ్లు వాడేది మనుషులు, ఫ్లాట్లు కాదు. కాబట్టి మనుషుల లెక్కనే పంచాలి. రాయగడలో మా అపార్ట్‌మెంట్‌లో దీని మీద చాలా గొడవపడ్డాం.

మా మూడో అంతస్తులో ఒక మామ్మగారు ఒంటరిగా ఉంటారు. ఎదురు ఫ్లాట్‌లో ఏడుగురు, రోజూ వాషింగ్ మెషీన్. ఇద్దరికీ ఒకటే బిల్లు. బోరు మోటారు కరెంటు, ఎండాకాలం ట్యాంకర్లు అన్నీ అందులోనే. నాగావళి ఒడ్డున ఉన్న ఊళ్లో ట్యాంకరు కొనుక్కోవడమే నాకు మింగుడుపడదు. మీటింగులో ఆవిడ అడిగితే "అందరికీ ఒకటే రూలు మామ్మగారూ" అని కూర్చోబెట్టేశారు. నాకు ఒళ్లు మండింది.

ఆ రోజుల్లోనే రాత్రి నింపిన ట్యాంకు తెల్లారేసరికి సగానికి దిగిపోయేది. నేను పసుపు డబ్బా పట్టుకుని ఇంటింటికీ తిరిగాను. ఫ్లష్ ట్యాంకు మూత తీసి, చెంచాడు పసుపు కలిపి, అరగంట ఎవరూ ఫ్లష్ చేయొద్దని చెప్పాను. ఒక ఫ్లాట్‌లో కమోడు గోడ మీంచి సన్నటి పసుపు ధార జారుతూ కనిపించింది. లోపలి రబ్బరు వాషరు అరిగిపోయింది. "కొన్నాళ్ల నుంచీ శబ్దం వస్తోందండీ" అన్నారు వాళ్లు. ఖర్చు అందరి మీదా పడుతుంటే ఎవరు మాత్రం ప్లంబర్ని పిలుస్తారు?

ఫ్లాట్‌కో మీటరు పెడితే ఇంకా మంచిదే. కానీ పాత బిల్డింగుల్లో ప్రతి బాత్రూముకీ, వంటింటికీ టెర్రస్ నుంచి వేరే పైపు దిగుతుంది. ఒక్కో ఫ్లాట్‌కి మూడు నాలుగు మీటర్లు కావాలి. కింద లాబీలో గ్రానైట్ పరిచే బిల్డర్లు ఫ్లాట్‌కి ఒకే లైను ఎందుకు ఇవ్వరు? కొనేముందే అడగండి.

వేడినీళ్ల సంగతి వేరు. మాకు టెర్రస్ మీద అందరికీ కలిపి సోలార్ హీటరు ఉంది. మబ్బు పట్టిన రోజు దాని కాయిల్ కామన్ కరెంటు మీటరు మీద నడుస్తుంది. కింది అంతస్తు వాళ్లు పైపులో నిలిచిన చన్నీళ్లు వదిలేస్తేగానీ వేడినీళ్లు రావు. వాళ్ల దగ్గరా అంతే వసూలు చేయడం దారుణం. దీనికన్నా ఎవరి గీజరు వాళ్లదే నయం. 15 లీటర్ల నీళ్లు 30 డిగ్రీలు వేడెక్కడానికి అర యూనిట్ పైచిలుకు చాలు, అదీ ఎవరి మీటర్లో వాళ్లకి పడుతుంది.

ట్యాంకు కడిగించడం, మోటారు రిపేరు మాత్రం ఫ్లాట్‌కింత అనే వేసుకోండి. తాళం వేసి విశాఖలో ఉంటున్న ఓనర్లు కూడా వాటికి కట్టాల్సిందే.