వాడి చేతులు చూడమ్మా

చిరంజీవి అమ్మాయికి,

మొన్న రాత్రి ఫోన్‌లో "మాస్టారూ, మా ఐటీఐలో విద్యార్థుల సంక్షేమం ఇన్‌ఛార్జిగా నా పేరు వేశారు. ఈ డిప్రెషన్లూ అవీ నాకేం తెలుసు, భయంగా ఉంది" అన్నావు. ఫోన్‌లో చెబితే సగమే చెప్పగలను, అందుకని రాస్తున్నాను. ముప్పై ఏళ్లు ఐటీఐ ఫిట్టర్ వర్క్‌షాపులో పని నేర్పుతూ నిలబడినవాణ్ణి, నేనూ సైకాలజీ చదవలేదు. కానీ కాలేజీ లెక్చరర్‌కి లేని వీలు మనకొకటి ఉంది. ఆయన పిల్లల మొహాలు రోజుకో గంట చూస్తాడు. మనం వాళ్ల చేతులు పొద్దున్నుంచి సాయంత్రం దాకా చూస్తాం. మనసు కుంగిన పిల్లాడు నోరు విప్పడానికి నెలలు పడుతుంది. పనిలో తేడా ఆ వారంలోనే కనిపిస్తుంది.

ఒక కుర్రాడి సంగతి నీకెప్పుడూ చెప్పలేదు. నీ బ్యాచ్‌కి చాలా ముందు. ఏజెన్సీ నుంచి వచ్చి హాస్టల్లో ఉండేవాడు. స్క్వేర్ ఫిట్టింగ్ జాబ్ ఇచ్చాను, అంటే గీత ప్రకారం అరగదీసి చదరంగా చెయ్యాల్సిన ఇనుప ముక్క. గీత వెంబడి డాట్ పంచ్‌తో చుక్కలు కొట్టి, చుక్కలో సగం మిగిలేదాకానే ఫైలింగ్ చెయ్యాలి కదా. అంతకు ముందు నెల వాడు చేసిన జాబ్‌కి ట్రై స్క్వేర్, అదే మూలమట్టం, ఆనిస్తే సందులోంచి వెలుతురు కూడా వచ్చేది కాదు. ఆ రోజు చుక్కలన్నీ చెరిగిపోయాయి, వాడింకా ఫైల్ నడుపుతూనే ఉన్నాడు. చేతులు ఆడుతున్నాయి, కళ్లు ముక్కని బిగించిన వైస్ మీద లేవు. నేను జాబ్ ఊడబెరికి, అందరి ముందూ పైకెత్తి చూపించి, "ఈ ఇనుము మీ నాన్న కొంటున్నాడా?" అన్నాను. వాడు తల వంచుకున్నాడు, అంతే. సోమవారం నుంచి రాలేదు. ఇంటికి నోటీసు వెళ్లింది, గడువు దాటాక రోల్స్‌లోంచి పేరు కొట్టేశారు. ఆ నోటీసు మీద సంతకం నాదే. ఏడాది తర్వాత సంతలో వాళ్ల నాన్న కనబడ్డాడు. నాలుగు నెలలు మంచం దిగలేదటమ్మా. అన్నం పెడితే గోడవైపు తిరిగి పడుకునేవాడట. ఇప్పుడు పోడు చేసుకుంటున్నాడు, మళ్లీ పనిముట్టు పట్టలేదు. వాడి కష్టం నా కళ్లముందు వైస్‌లో బిగించి ఉంది, నేనే దాన్ని పొగరనుకున్నాను.

కాబట్టి నువ్వు మొదట చెయ్యాల్సింది, ఎవరి పని ఎప్పటినుంచి మారిందో చూసుకోవడం. మొదటినుంచీ పని రానివాడు వేరు, బాగా చేసి ఉన్నట్టుండి జారినవాడు వేరు. జాబ్ డైరీలు వరసగా తిరగేస్తే తెలిసిపోతుంది. సోమవారాలు ఎవరు ఎగ్గొడుతున్నారు, భోజనం గంటలో ఒంటరిగా ఎవరు కూర్చుంటున్నారు, గాగుల్స్ పెట్టుకోకుండా గ్రైండర్ దగ్గరికి ఎవరు పోతున్నారు, ఇవి కూడా చూడు. తన ఒంటి మీద తనకు ధ్యాస తగ్గినవాడు సేఫ్టీ మర్చిపోతాడు. మన పిల్లలు "దిగులుగా ఉంది" అనరు. తలనొప్పి అంటారు, నడుం లాగేస్తోంది అంటారు, ఏమీ తోచట్లేదు అంటారు. మగపిల్లలైతే చాలాసార్లు కోపం చూపిస్తారు. ఎవడైనా తాగుడు, గంజాయి మొదలుపెడితే చెడిపోయాడని ముద్ర వెయ్యకముందు ఆ అలవాటుకి ముందు ఏం జరిగిందో కనుక్కో.

ఒకరోజు మూడ్ బాగాలేకపోవడం అందరికీ ఉంటుంది. నిద్ర, తిండి, ఇష్టమైన వాటి మీద ఆసక్తి రెండు వారాలుగా తప్పిపోయి, రోజులో ఎక్కువసేపు మనసు బరువుగానే ఉంటే అది జబ్బు కావచ్చు, డాక్టరు చూడాలి. పీహెచ్‌క్యూ-9 అని దిగులు ఎంతుందో చూసే తొమ్మిది ప్రశ్నల కాగితం ఉంది, తెలుగులోనూ దొరుకుతుంది. ఒక్కోదానికి సున్నా నుంచి మూడు, మొత్తం 27. పది గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే డాక్టరు దగ్గరికి పంపించు. తొమ్మిదో ప్రశ్న చచ్చిపోతే బాగుండునన్న ఆలోచన గురించి. దానికి సున్నా కాకుండా ఏం పెట్టినా, మొత్తం ఎంత వచ్చిందని చూడకుండా ఆ రోజే ఆ పిల్లాడితో కూర్చోవాలి. కాగితం జబ్బు పేరు పెట్టదు, అది డాక్టరు పని. క్లాసంతటికీ ఒకేసారి పంచేసి బీరువాలో పడెయ్యడమూ వద్దు. జవాబులు చదివి, ఆ పిల్లాణ్ణి పలకరించే ఓపిక ఉన్నప్పుడే ఇవ్వు.

ఇక మాట్లాడటం. ఆఫీసు గదిలోకి పిలిచి ఎదురుగా కూర్చోబెట్టి "నీ సమస్య ఏంటి?" అంటే ఏ పిల్లాడూ చెప్పడు. టూల్స్ తుడిచి సర్దే టైమ్‌లో పక్కన నిలబడి నువ్వూ ఓ గుడ్డ తీసుకో. చేతులకి పని ఉంటే నోరు తేలికపడుతుంది. "రాత్రి ఎన్నింటికి నిద్రపట్టింది?" అని అడుగు. "పొద్దున ఏం తిన్నావు?" అని అడుగు. తర్వాత "ఈమధ్య నీ పని చూస్తుంటే నువ్వు నువ్వులా లేవనిపించింది, అందుకే అడుగుతున్నా" అను. వాడు చెప్పకపోతే ఊరుకో, ఎల్లుండి మళ్లీ పక్కన నిలబడు. నేను ఒక వెల్డర్ కుర్రాడి దగ్గర ఐదు సాయంత్రాలు అలా ఎలక్ట్రోడ్ ముక్కలు ఏరాను. ఆరో రోజు వాడే "సార్, మా అక్క పెళ్లికి తెచ్చిన అప్పు నా మీదే ఉంది" అని మొదలుపెట్టాడు. దాని వెనకాల ఉన్నదంతా బయటికొచ్చేసరికి వాచ్‌మన్ గేటు వేస్తానని వచ్చాడు. వింటున్నప్పుడు "ఇంతదానికేనా", "నీకంటే కష్టాల్లో ఉన్నవాళ్లు లేరా" అనే మాటలు నీ నోట రానివ్వకు. అవి విన్నాక ఎవరూ రెండోసారి చెప్పరు.

అనుమానం వస్తే సూటిగా అడగాలమ్మా. "చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా?" అని ఆ మాటతోనే. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని నేనూ చాలా ఏళ్లు భయపడ్డాను. అది నిజం కాదు. అడిగితే పిల్లాడికి ఊపిరి తీసుకున్నట్టు ఉంటుంది. అవునంటే ఒంటరిగా వదలకు, హాస్టల్‌కి ఒక్కణ్ణీ పంపకు, ఇంటివాళ్లు వచ్చేదాకా నువ్వో, వార్డెనో పక్కనుండండి. "ఎవరికీ చెప్పనని ఒట్టెయ్యండి" అంటాడు. ఆ ఒట్టు మాత్రం వెయ్యకు. "నిన్ను కాపాడటానికి అవసరమైనవాళ్లకే చెబుతాను, ఎవరికి చెప్పేదీ ముందు నీకు చెబుతాను" అను. టెలిమానస్ అని మనసు బాగాలేనివాళ్లకి సాయం చేసే ఫోన్ లైన్ ఉంది, నంబరు 14416. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది, రాత్రీ పగలూ పలుకుతుంది, పైసా ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు. పిల్లలే కాదు, ఏం చెయ్యాలో తోచనప్పుడు నువ్వూ చెయ్యొచ్చు. మాటలతో ఆగే పరిస్థితి కాకపోతే ఆలోచించకుండా 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి తీసుకెళ్లు. విశాఖలో చిన వాల్తేరు మానసిక వైద్యశాల ఉంది. జిల్లా ఆసుపత్రిలో సైకియాట్రిస్ట్ ఓపీ ఏ రోజులుంటుందో ఇప్పుడే కనుక్కుని గోడ మీద రాసి పెట్టుకో.

పోలీసు కేసవుతుందని చాలా ఇళ్లలో ఆత్మహత్యా ప్రయత్నం జరిగినా దాచేస్తారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం అలాంటి మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాడిగానే చూడాలి, శిక్షించకూడదు. ఆ మాట తల్లిదండ్రులకి నిదానంగా చెప్పు. వాళ్లు "గాలి సోకింది, తాయెత్తు కట్టించాలి" అంటారు. వాళ్లతో వాదం పెట్టుకోకు. "అది కట్టించండి, దాంతోపాటు రేపు డాక్టరు దగ్గరికి కూడా రండి, బస్టాండులో నేనుంటాను" అంటే వస్తారు. నేను అలా పిలిచినవాళ్లలో రానివాళ్లు తక్కువ.

డాక్టరు మందులు మొదలైతే మన షాపులో రెండు సంగతులు గుర్తుంచుకో. ఈ మందులు పనిచెయ్యడానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకాస్త ఎక్కువే పడుతుంది. ఈలోపు "ఏం తేడా లేదు" అని మానేస్తారు. బాగయ్యాక కూడా డాక్టరు చెప్పేదాకా ఆపకూడదు. రెండోది, కొన్ని మందులు మొదట్లో మత్తుగా ఉంచుతాయి. ఆ రోజుల్లో లేత్ మీద, గ్రైండర్ దగ్గర పెట్టకు. డ్రాయింగో, స్టోర్ లెక్కలో అప్పజెప్పు, కానీ షాపు నుంచి దూరం చెయ్యకు. కారణం మిగతా ఇన్‌స్ట్రక్టర్లకి చెప్పాల్సిన పనిలేదు, "డాక్టరు మందులు వాడుతున్నాడు" అంటే చాలు. హాజరు రిజిస్టర్‌లో జబ్బు పేరు రాయకు. స్టాఫ్‌రూమ్ టీ కబుర్లలోకి ఆ పేరు వెళ్లిందంటే సాయంత్రానికి ఊరంతా తిరుగుతుంది.

ప్రిన్సిపాల్ గారు "ఇవన్నీ మనకెందుకమ్మా" అంటే కోర్టు మాట చూపించు. విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న ఒక అమ్మాయి మరణం కేసులో 2025 జూలై 25న సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది. అవి బడులకీ కాలేజీలకీ మాత్రమే కాదు, శిక్షణ కేంద్రాలకీ హాస్టళ్లకీ కూడా. వందమంది, ఆపైన విద్యార్థులున్న చోట అర్హత ఉన్న కౌన్సెలర్ గానీ సైకాలజిస్ట్ గానీ సోషల్ వర్కర్ గానీ ఒకరైనా ఉండాలి. అంతకంటే తక్కువైతే బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలి. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి, హెల్ప్‌లైన్ నంబర్లు కనబడేలా పెట్టాలి. ఆ కాపీ ఫైల్లో పెట్టి ఉత్తరం రాయి. కౌన్సెలర్ వచ్చేదాకా నువ్వొక్కదానివే మొయ్యకు. హాస్టల్ వార్డెన్, ఎంప్లాయబిలిటీ స్కిల్స్ చెప్పేవాళ్లు, పిల్లలు నమ్మే ఆ స్టోర్‌కీపర్, ముగ్గుర్నీ కలుపుకో.

ఏ రోజులు గట్టిగా చూసుకోవాలో కూడా చెబుతాను. చేరిన మొదటి రెండు నెలలు. పాలిటెక్నిక్ ర్యాంకు రాకో, ఇంటర్ ఫీజు కట్టలేకో వచ్చిన పిల్లలు పెళ్లిలో చుట్టాలు అడిగితే "ఐటీఐ" అని గొంతు తగ్గించి చెబుతారు. వాళ్లకి ఉపన్యాసం ఇవ్వకు. ఒకసారి తప్పి సప్లిమెంటరీలో పాసై ఇప్పుడు షిప్‌యార్డులో పనిచేసే సీనియర్‌ని పిలిపించి పక్కన కూర్చోబెట్టు. రెండోది స్కాలర్‌షిప్ ఆలస్యమైన రోజులు. ఫీజు బాకీ పేర్లు క్లాసులో చదవనివ్వకు, అడ్డం పడు. మూడోది ట్రేడ్ టెస్ట్ ఫలితాల సాయంత్రం. తప్పినవాళ్లందరికీ ఆ రాత్రి పడుకునేలోపు నువ్వే ఫోన్ చెయ్యి. ఇంకొకటి, అందరూ మర్చిపోయేది, అప్రెంటిస్‌షిప్. శ్రీసిటీ ఫ్యాక్టరీలకో చెన్నైకో వెళ్లి, ఆరుగురున్న గదిలో, నైట్ షిఫ్టు చేసి పగలు పడుకునే పిల్లాడు మన రిజిస్టర్‌లో ఉండడు గానీ మన పిల్లాడే. నెలకోసారి పలకరించు.

అమ్మాయిల సంగతి నీకు నేను చెప్పక్కర్లేదు. ఇరవైమంది మగపిల్లల్లో నువ్వొక్కదానివే బెంచీ దగ్గర నిలబడ్డావు. మన షాపుకి దగ్గర్లో ఆడపిల్లలకి బాత్‌రూమ్ లేక నువ్వు పొద్దున్నుంచి నీళ్లు తాగేదానివి కాదని నాకు కోర్సు అయిపోయాక తెలిసింది. మీ దగ్గర ఆ తాళం ఎవరి చేతిలో ఉందో రేపే చూడు.

ఆ రెండో సంవత్సరం కుర్రాడు, మూడు వారాలుగా జాబ్ సగంలో వదిలేసి కిటికీ దగ్గర నిలబడుతున్నాడన్నావే, ముందు వాడి దగ్గరికి వెళ్లు. గురువారం సాయంత్రం టూల్స్ సర్దే టైమ్‌కి వెళ్లు. రాత్రి ఎంత పొద్దుపోయినా నాకు ఫోన్ చెయ్యి, మేలుకునే ఉంటాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు