లాబీయింగ్ అంటే పైరవీయేనా? ఒక గుంటూరు తండ్రికి జవాబు

ప్రశ్న: నాకు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం ఉంది. అమ్మాయి బీఏ ఆఖరి సంవత్సరం. అమెరికాలో పబ్లిక్ పాలసీ (ప్రభుత్వ విధానాల చదువు) చదివి, నగర ప్రభుత్వాల దగ్గర లాబీయింగ్, అంటే ఎవరి తరఫునో అధికారులను కలిసి ఒప్పించే పని, చేసే సంస్థలో చేరతానంటోంది. అక్కడ అది పేరు నమోదు చేసుకుని చేసే వృత్తి అట. నాకు మాత్రం పైరవీ అనే వినిపిస్తోంది. ఇల్లు కట్టినప్పుడు ప్లాను కోసం ఒక మధ్యవర్తికి డబ్బిచ్చి అతని వెంట తిరిగినవాణ్ణి. నా కూతురు ఆ పని చేయాలా? దీనికన్నా లా చదివించడం మేలా?

జవాబు: ఇలాంటి తల్లిదండ్రులు విజయవాడలో నా దగ్గరికి చాలామందే వస్తారు. కోర్సు పేర్లు మారతాయి గానీ లోపలి దిగులు ఒకటే: 'మా పిల్ల ఏం చేస్తోందని నలుగురికీ చెప్పుకోవాలి?' ముందు దానికే జవాబు చెబుతాను.

మీ యార్డునే తీసుకోండి. లైసెన్సు లేనివాడు అక్కడ కమీషన్ వ్యాపారం చేయకూడదు. ఏ రైతువి ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) దిగాయో, ఏ ధరకు పోయాయో, మీరు కమీషన్ ఎంత పట్టుకున్నారో కాగితం మీద ఉంటుంది. రైతుకూ కొనేవాడికీ మధ్య నిలబడినందుకు మిమ్మల్ని ఎవరూ తప్పుపట్టరు. లెక్క దాచిన రోజున పడతారు. మీ అమ్మాయి చెబుతున్న నగరాల్లో లాబీయిస్టుకూ అదే నియమం. ఎవరి తరఫున, ఏ విషయం మీద, ఏ అధికారిని కలుస్తున్నాడో రాసివ్వాలి. షికాగోలో అయితే ఎంత పుచ్చుకున్నాడో మూడు నెలలకోసారి నగర నైతిక మండలికి చెప్పాలి. కెనడాలోని టొరంటో అయితే లాబీయిస్టుల రిజిస్టరును ఆన్‌లైన్‌లో అందరికీ తెరిచి పెట్టింది. పని జరిగితేనే ఇంత అని ఫీజు మాట్లాడుకోవడం అక్కడ నిషిద్ధం. మీ మధ్యవర్తి మాట్లాడుకున్న పద్ధతి ఏదో మీకే తెలుసు. తన ఇంటి సమస్య మీద తన కార్పొరేటర్‌ను కలిసే మామూలు మనిషికి మాత్రం ఈ నమోదు అక్కర్లేదు.

ఇవి ఊరికే పుట్టిన నియమాలు కావు. కంప్యూటర్ల లీజు వ్యవహారంలో కౌన్సిల్ ఆమోదించిన మొత్తాన్ని దాటి ఖర్చు ఎక్కడికో పోతే, టొరంటో నగరం న్యాయమూర్తితో విచారణ చేయించుకుంది. 2005 నాటి ఆ నివేదిక తర్వాతే, 2008లో లాబీయిస్టుల రిజిస్టరు మొదలైంది. ఇక షికాగో సంగతి. 2008లో ఒబామా ఎన్నికల ప్రచారాన్ని నడిపిన డేవిడ్ ప్లఫ్, 2015లో ఊబర్ తరఫున అక్కడి మేయర్‌కు ఈమెయిల్ రాశారు. లాబీయిస్టుగా పేరు నమోదు చేసుకోలేదు. 2017లో 90,000 డాలర్ల జరిమానా పడింది. అంతటి మనిషికీ మినహాయింపు దొరకలేదు. మీ అమ్మాయికి నచ్చింది ఈ నిక్కచ్చితనమే అయ్యుంటుంది. అది సిగ్గుపడాల్సిన ఇష్టం కాదండీ.

ఇప్పుడు నా అనుమానాలు. పబ్లిక్ పాలసీ అనే మాట ఈ మధ్య పిల్లల నోట బాగా నానుతోంది. అమెరికాలో ఆ కోర్సు అయ్యాక ఓపీటీ (విద్యార్థి వీసా మీదే పని చేసుకునే అనుమతి) కింద 12 నెలలే ఉంటాయి. కోర్సుకు స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) గుర్తింపు ఉంటేనే మరో 24 నెలలు. ఆలోగా వీసాకు పూచీపడే సంస్థ దొరకాలి. నగర స్థాయి లాబీయింగ్‌లో పనికొచ్చేది ఆ ఊరి పరిచయం. ఏ వార్డులో ఏ గొడవ నడుస్తోందో తెలిసినవాళ్లు కావాలి. గుంటూరు బ్రాడీపేటలో పెరిగిన పిల్లకు అది రెండేళ్లలో వచ్చేది కాదు. అప్పు చేసి పంపితే, ఆ అప్పు తీర్చడానికి ఇష్టం లేని ఉద్యోగంలో ఇరుక్కుంటుందని నా భయం. ఇక్కడే ఉండి 'పాలసీ కన్సల్టెంట్' అవుతామనే పిల్లలనూ చూశాను. కార్డు మీద హోదా అది, చేసే పని ఎన్నికల సర్వేలు. ఎన్నికలు అయిపోగానే ఉద్యోగమూ అయిపోతుంది.

మన దేశంలో లాబీయిస్టుల నమోదుకు చట్టమే లేదు. 2013లో ఒడిశా ఎంపీ ఒకరు లోక్‌సభలో ప్రైవేటు బిల్లు పెట్టారు, అది చట్టం కాలేదు. అందుకే ఇక్కడ అసలు లాబీయింగ్‌కూ పైరవీకీ మధ్య గీత కనబడదు. మీకు ఆ రెండూ ఒకటిగా వినిపించడంలో తప్పు లేదు.

తప్పు మరోచోట ఉంది, కోపం తెచ్చుకోకండి. మధ్యవర్తికి డబ్బిచ్చి తిరిగింది మీరు. ఆ డబ్బు లంచంగా అధికారికి చేరితే, అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణ తర్వాత ఇచ్చినవాడికీ ఏడేళ్ల దాకా జైలుశిక్ష పడొచ్చు. ఆ అవమానం మీ మనసులో ఉంది, దాన్ని తెచ్చి పిల్ల చదువు మీద పెడుతున్నారు. ఆ అమ్మాయి అన్నీ రాసిపెట్టే పని చేస్తానంటుంటే, మీరు దాచిపెట్టే పనితో పోలుస్తున్నారు. ఏం చదివి ఆ మాట అంటోందో ఒక్కసారైనా అడిగారా?

లా మేలా అన్నారు. నా ఓటు ముందు మూడేళ్ల ఎల్‌ఎల్‌బీకే. దాని ప్రవేశ పరీక్ష లాసెట్ వివరాలు పిల్లకే తెలిసుంటాయి. చట్టం చదివి అర్థం చేసుకోవడం, జీవోలో లొసుగు పట్టుకోవడం, సమాచార హక్కు కింద దరఖాస్తు రాయడం వస్తే కంపెనీలోనైనా, కోర్టులోనైనా, కార్పొరేషన్ గుమ్మంలోనైనా తలెత్తుకుని నిలబడుతుంది. పాలసీ మీద ఇష్టం నిలుస్తుందో లేదో చూసుకోవడానికి చట్టసభల పనిమీద పరిశోధన చేసే పీఆర్‌ఎస్ సంస్థ వాళ్ల ల్యాంప్ ఫెలోషిప్ ఉంది. పాతికేళ్లలోపు పట్టభద్రులు ఒక ఎంపీతో కలిసి పనిచేస్తారు. ఆ తర్వాత కూడా అమెరికా అంటే, అప్పుడు పంపండి. రెండు మూడేళ్లు ఆగినంత మాత్రాన ఏ తలుపూ మూసుకుపోదు.

ఈ వారంలో ఒక సాయంత్రం యార్డు నుంచి రాగానే అమ్మాయి పక్కన కూర్చోండి. టొరంటో రిజిస్టరు తెరిచి, ఏదో ఒక నమోదు తెలుగులో చెప్పమనండి. ఎవరు, ఎవరి కోసం, ఎవర్ని కలిశారో విన్నాక మీకు అర్థం కానిది అడగండి. ఫీజుల మాట మర్నాడు మాట్లాడుకోవచ్చు.