పాత కాలిస్ కొనేముందు

చిరంజీవి చిన్నోడికి మామయ్య ఆశీస్సులు.

ఫిలిప్పీన్స్‌లోని దవావోలో కాలిస్ అనే ఒక వంకుల కత్తి చూశానని, రెండొందల ఏళ్లనాటిదని అమ్మేవాడు అంటున్నాడని రాశావు. తొందరపడకు. ఓడ ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఆ దేశపు దక్షిణ దీవుల్లోని ముస్లిం తెగలైన మోరోల కత్తుల కోసం తిరిగినవాణ్ణి, నాకు తెలిసింది చెబుతాను.

అమ్మేవాడు చెప్పేది విను. కానీ డబ్బు ఇనుమును చూసి ఇవ్వు. 1913లో బుద్ బగ్సాక్ కొండమీద జరిగిన యుద్ధంలో దొరికిందని చెప్పి ఒకాయన నాకో కత్తి అంటగట్టాడు. పిడి పాతదే, అలుగు, అంటే కోసే ఇనుప భాగం, మాత్రం నిన్నమొన్నటిది. పిడి, ఒర ఎన్నిసార్లయినా మారతాయి. కాకతువా పిట్ట తలలా చెక్కిన ఆ పిడి ఎంత అందంగా ఉన్నా దాన్నిబట్టి వయసు కట్టకు.

నీ కత్తి కాలిస్, మనం క్రిస్ అనేది అదే. పిడి దగ్గర అలుగు వెడల్పయ్యే భాగాన్ని గాంగ్యా అంటారు. పాతవాటిలో అది విడిగా చేసి అమర్చిన ముక్క. అది అలుగును కలిసే చోట సన్నని గీత ఉంటుంది, పగటి వెలుగులో భూతద్దం పెట్టి చూడు. గీత ఈ అంచు నుంచి ఆ అంచుదాకా తిన్నగా ఉంటే 18వ శతాబ్దమో, 19వ శతాబ్దం తొలి సగమో అనుకోవచ్చు. తిన్నగా పోయి చివర్లో ఏటవాలుగా తిరిగితే 19వ శతాబ్దం చివరా, 20వ శతాబ్దం మొదలూ. 1930ల తర్వాతవి చాలావరకు ఒకటే ముక్క, గీత పైపైన గీసిందే. కమ్మరి కమ్మరికీ పద్ధతి మారుతుంది కాబట్టి దీనొక్కదాన్నే పట్టుకోకు. గాంగ్యా పక్కన ఏనుగు తొండంలా తొలిచిన చోటు కూడా చూడు. మంచి పనివాడి చేతిలో ఆ వంపు లోతుగా, తేటగా వస్తుంది. అమ్మకానికి హడావిడిగా చేసినదాంట్లో మొద్దుగా ఉంటుంది.

కొన్నాక గరుకు కాగితంతో రుద్దావంటే నా మాట విననట్టే. మొదటి కత్తిని నేను అలాగే తళతళలాడేదాకా తోమాను. మడతలు వేసి సాగగొట్టిన ఇనుములో నీటి అలల్లాంటి చారలుంటాయి, అవన్నీ పోయాయి. ఇప్పటికీ ఆ కత్తి చూస్తే మనసు చివుక్కుమంటుంది. తుప్పుకు నూనె రాసి, నాననిచ్చి, మెత్తటి గుడ్డతో తుడువు, చాలు.

పిడిలో ఏనుగు దంతం ఉందంటే దాని జోలికే పోవద్దు. పాత వస్తువును ఫిలిప్పీన్స్ దాటించాలంటే అక్కడి నేషనల్ మ్యూజియం అనుమతి అడుగుతారు, ఇక్కడ మన ఆయుధాల చట్టం కూడా ఉంది. ఆ రెండు సంగతులూ కనుక్కోకుండా బయానా ఇవ్వకు.

గాంగ్యా రెండు వైపులా దగ్గరగా ఫొటోలు తీసి పంపు. ఫ్లాష్ వేయకు, కిటికీ దగ్గర పెట్టి తియ్యి. అవి చూశాక ధర మాట్లాడుకుందాం.

మీ మామయ్య